నీడ తొక్కని వంశం

నీళ్ళతిత్తి వీపున వేసుకుని, ముఖానికి మసి పూసుకుని, ఒక కాలు ఈడుస్తూ నాగోజు కంకణదుర్గం పడమటి వాకిటికి చేరేసరికి పొద్దు రెండు బారలెక్కింది. వెనక రెండు కోసుల దూరంలో, పులిబోను కనుమలోంచి యుద్ధభేరి ఒక్క తీరున మోగుతోంది. ఆ భేరి మోగుతున్నంతసేపూ గాయపడ్డ మహారాజు విజయభూపతి ప్రాణాలతో ఉన్నట్టు, ఆయన చుట్టూ మిగిలిన మూడువేల మందీ కత్తి దించనట్టు అర్థం. వాళ్ళెందుకు దించలేదో తెలియాలంటే తలెత్తి చూస్తే చాలు. కోట నడిబొడ్డున అరవై మూరల ధ్వజస్తంభం, దాని కొసన పసుపుపచ్చని జెండా, జెండా మీద గాలికి తొండం ఊపుతున్న ఎర్ర ఏనుగు.

కోట మాత్రం ఐదు రోజుల కిందటే పోయింది. రాజు వేటకు వెళ్ళిన అదను చూసి ఉద్దండసేనుడనే దుర్మార్గుడు దొంగదారిన జొరబడ్డాడు. కబురంది తిరిగొచ్చిన రాజు గాయపడి, సైన్యంతో కనుమలో ఆగిపోయాడు. వీడు సింహాసనమెక్కాడు, వంటశాలలో ఉన్నదంతా మెక్కాడు, కిరీటం పెట్టుకుని అద్దంలో ముందూ వెనకా చూసుకున్నాడు. ఒక్క జెండా దించలేకపోయాడు. ఏడు రాజ్యాలూ ఒప్పుకున్న ధ్వజధర్మం ఒకటి అడ్డం వచ్చింది. ఏ కోట జెండాను ఆ కోట కంబాలవారే తమ చేత్తో దించాలి. అలా దిగితే రాజ్యం మారినట్టే, పాత రాజు సైన్యం ఆయుధాలు కింద పెట్టాల్సిందే. ఇంకెవడి చెయ్యైనా, ఇంకెవడి కత్తైనా ఆ గుడ్డకు తగిలిందా, మిగిలిన ఆరు రాజ్యాలూ కలిసివచ్చి వాణ్ణి ధ్వజద్రోహి అని పెడరెక్కలు విరిచి కడతాయి.

కంబాలవారంటే నాగోజు ఇంటివాళ్ళే. అడవిలో చెట్టు ఎంచడం, కొట్టడం, చెక్కడం, నిలబెట్టడం, జెండా కట్టడం తాతల నాటి నుంచీ వాళ్ళ పని. నాగోజు తండ్రి అయ్యలోజు జెండా దించనన్నాడు. దించనని ఊరుకోక, వెళ్ళి స్తంభం మొదలు కౌగిలించుకు కూచున్నాడు. స్తంభం పట్టుకున్నవాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నదీ ధర్మంలోని మాటే. మూడు రోజులుగా ముసలాయన చుక్క నీళ్ళైనా ముట్టలేదని వేగులవాళ్ళు కనుమకు కబురు తెచ్చారు.

ఆ శరణుకూ ఒక గడువుంది. వైశాఖంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చే రోజొకటి ఉంటుంది. ఆ మధ్యాహ్నం స్తంభం నీడ మొదట్లోకి దూరి మాయమైన క్షణంతో శరణు చెల్లిపోతుంది. ఆ రోజు ఇవాళే. తండ్రి గొంతులో ఇన్ని నీళ్ళు పోసి, ఎలాగైనా ఆయన్ని భుజాన వేసుకుని బయటపడాలి, అదీ నాగోజు ఆలోచన. ఎలాగైనా అన్నాడే గాని, ఎలాగో అతనికీ తెలియదు.

వాకిట్లో మనుషుల కాపలా కంటే ఘోరమైన కాపలా ఇంకొకటుంది. ఉద్దండుడి కొలువులో ఘూకనాథుడనే మాంత్రికుడున్నాడు. వాడు ఒక ఇనుపకుక్కను చేసి అక్కడ కూచోబెట్టాడు. అది తిండి తినదు, నిద్రపోదు. ఎదుట ఎవడు అబద్ధమాడినా మొరుగుతుంది, మొరిగాక కరుస్తుంది. దాని పళ్ళ మధ్య పొద్దున ఇరుక్కున్న తలపాగా ముక్క ఇంకా వేలాడుతోంది.

కాపలావాడు ఈటె అడ్డంపెట్టి ఎందుకొచ్చావన్నాడు. దాహంతో ఉన్నవాళ్ళకు నీళ్ళు పొయ్యడానికొచ్చానన్నాడు నాగోజు. కుక్క చెవి కూడా కదల్చలేదు. ఎవరి కొడుకువని అడిగాడు కాపలావాడు. నాగోజు తిత్తిని భుజం మార్చుకున్నాడు. మా నాయన కొయ్యపని చేస్తాడు, గుంటలు తీసి కొయ్యలు పాతుతుంటాడు అన్నాడు. కంచెలు పాతుకునే బాపతనుకున్నాడు వాడు. అయినా అనుమానం తీరక, ఆ కాలు ఎప్పటి నుంచి కుంటి అని అడిగాడు.

ఇనుపకుక్క నోరు తెరిచింది. కాలు బాగానే ఉంది కదా మరి. నాగోజు, ఈ వాకిలి కనిపించినప్పటి నుంచీ ఇలా అయిపోయిందయ్యా అన్నాడు. నూటికి నూరుపాళ్ళు నిజం. కుక్క నోరు మూసుకుంది. భయానికి కాళ్ళు పడిపోయాయనుకుని కాపలావాడు పగలబడి నవ్వి, తిత్తిలోంచి కడుపునిండా తాగి, మిగిలిన నీళ్ళతో కాళ్ళు కూడా కడుక్కోబోయి, ఎందుకో జాలిపడి లోపలికి తోశాడు.

నాగోజు కోట నడిమి మైదానంలోకి వచ్చాడు. పుట్టి పెరిగిన చోటు. ఒకప్పుడు ముత్యాల ముగ్గులు మెరిసిన రాతిచప్టా మీద ఇప్పుడు ఉద్దండుడి గుర్రాలు లద్దెలు వేస్తున్నాయి. వాటి మధ్య ఏ మచ్చా లేకుండా నిలబడి ఉంది స్తంభం. గంధమాల అడవిలో ఏడేళ్ళు వెతికి తాత ఎంచిన ఒకే ఒక్క టేకుమాను. మొదట్లో నాలుగు సింహాలు వెన్నులానించి కూచున్న రాగితొడుగు, దాని పైన మెలిబడిన తామరతూళ్ళ చెక్కడం, ఆ పైన బారుకొక్కటిగా ఇత్తడి కట్లు, కట్టుకట్టుకూ చిరుగంటలు, చిట్టచివర సూర్యుడితో పందెం వేసుకున్నట్టు మెరిసే బంగారు మొగ్గ. ఊరికి పొద్దు చెప్పేది దాని నీడే. ఊళ్ళో రాజున్నాడని చెప్పేది దాని జెండాయే. జెండా ఆ స్తంభం మీంచి ఏ బురుజు మీదికి మారితే ఆ దిక్కు నుంచి వచ్చి ఆదుకోమని సైన్యానికి కబురు. ఇన్ని పనులున్న మానును పట్టుకుని ఉద్దండుడు ఈ ఐదు రోజులూ కొయ్య అనే అంటున్నాడు.

వాడు గొడుగు కింద ఉయ్యాలబల్ల మీద ఉన్నాడు. పక్కన ఎముకల దండతో కూచోవలసిన ఘూకనాథుడి పీట ఖాళీగా ఉంది. కాస్త దూరంలో చాప మీద ఒక ముసలావిడ తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ఆవిడ ధ్వజసాక్షి ఓబులాంబ. ఏడు రాజ్యాలూ కలిసి నియమించిన మనిషి. ఎవరి పక్షమూ పట్టదు, ఎవరినీ మెచ్చుకోదు. ఆవిడ తప్పంటే తప్పు, ఒప్పంటే ఒప్పు. అందుకే ఉద్దండుడు ఆవిడకు నీడ ఏర్పాటు చెయ్యలేదు. ఆవిడ అడగనూ లేదు.

స్తంభం మొదట్లో చారికలు కట్టిన ఒంటితో, పిడచకట్టిన నోటితో అయ్యలోజు చేరగిలబడి ఉన్నాడు.

నాగోజు కుంటడం మరిచిపోయి పరుగెత్తాడు. మోకాళ్ళ మీద పడి తిత్తి మూతి విప్పి నోటికి అందించాడు. ముసలాయన గటగటా తాగి, కళ్ళెత్తి చూసి, కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే నాగా, వచ్చావట్రా. ఇంక నావల్ల కాదు. మధ్యాహ్నమైతే నరికేస్తారు. నువ్వెక్కి ఆ జెండా దించెయ్యి నాయనా. రాజులు వస్తుంటారు, పోతుంటారు. మనకెందుకు చెప్పు."

నాగోజుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత మాట ఆ నోట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మూడు రోజుల దాహం మనిషినెంతకు దించింది అనుకుని తల వంచుకున్నాడు. తల వంచుకున్నాడు కాబట్టి కంటబడింది. ముసలాయన ఎండ తగలకుండా స్తంభానికి పడమట, దాని సన్నని నీడలో కాళ్ళు బారజాపుకుని కూచున్నాడు.

కంబాలవారు ధ్వజస్తంభం నీడ తొక్కరు. పసిబిడ్డ పాకుతూ ఆ గీత మీదికి పోతే తల్లి ఈడ్చి చంకనేసుకుంటుంది. మొదలు కడగాలన్నా, రాగి తోమాలన్నా నీడకు ఎదురుదిక్కున నిలబడి, పొద్దుతో పాటు తామూ తిరుగుతూ పని చేస్తారు. నాగోజు నేలను పరికించి చూశాడు. స్తంభం చుట్టూ దుమ్ములో మోకాళ్ళ గుర్తులు. పొద్దుటి పూట తూర్పున, సాయంత్రానికి పడమట, మూడు రోజుల పాటు ఎవరో ఎండ వైపే తిరుగుతూ వచ్చిన గుర్తులు. నిలువునా ఎండుతూ కూడా నీడలోకి రాని మనిషి గుర్తులు.

అంటే వీడు నాయన కాడు. నాయన ఏమయ్యాడో వీడికి తెలుసు. నాగోజుకు ఒళ్ళు భగ్గుమంది. పీక పట్టుకుందామనుకున్నాడు గాని, పట్టుకుంటే తండ్రి ఆచూకీ చెప్పేదెవరు? అరవై మూరల ఎత్తు నుంచి చూస్తే కోటలో కనపడనిది లేదు.

లేచి మసి తుడుచుకుని తన పేరు గట్టిగా చెప్పాడు. కంబాల అయ్యలోజు కొడుకుని, జెండా కోసం ఎక్కుతున్నానన్నాడు. దించడానికి అనలేదు. ఉద్దండుడు ఆనందం పట్టలేక ఉయ్యాలబల్ల ఆపించాడు. ఓబులాంబ మాత్రం ఆకు నములుతూ ఆ కుర్రవాడి మాటను ఒకసారి తనలో తాను చెప్పుకుంది.

నాగోజు తిత్తితాడు విప్పి కాళ్ళకు బందం వేసుకున్నాడు, మొదలుకు మూడుసార్లు మొక్కాడు, ఎక్కాడు. చిరుగంటలు ఒక్కొక్క కట్టూ మోగుతుంటే మైదానమంతా నోళ్ళు తెరుచుకు చూసింది. చివరికంటా ఎక్కి బంగారు మొగ్గ పట్టుకుని చుట్టూ చూశాడు. కనుమ, కనుమలో దుమ్ము, నది. ఇటు కోట. ఈశాన్య బురుజు పైకప్పు మీద, ఇనుపకడియానికి కట్టేసిన ఒక ముసలి మనిషి. ఎండకు తల వాల్చేసి ఉన్నాడు. ఆయన చేతికి అందీ అందనంత దూరంలో ఒక నీళ్ళచెంబు.

"దొరా," అని పైనుంచి పిలిచాడు నాగోజు, "మా నాయన నీడ తొక్కడు. నీ మాంత్రికుడు తొక్కాడు. జెండా ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటాను. స్తంభం పట్టుకున్నవాణ్ణి, నన్నెవడు ముట్టుకుంటాడో రమ్మను."

కింద అయ్యలోజు ముఖం మైనంలా జారిపోయింది. అందులోంచి గుండ్రటి పసుపు కళ్ళూ, వంకర ముక్కూ బయటికొచ్చాయి. ఘూకనాథుడు కోపంతో ఊగిపోతూ గుప్పెడు బూడిద తీసి మొదట్లో చల్లి, పెదవులు కదిలించాడు. రాతిచప్టా సందుల్లోంచి తెల్లగా ఏదో పొంగింది. చెదలు. మొదట చారెడు, తర్వాత తట్టెడు, ఆ తర్వాత వరదలా వచ్చి రాగితొడుగు కింద దూరాయి. కరకరమన్న చప్పుడు కోటగోడల దాకా వినిపించింది.

ఇది ధర్మమేనా అని ఉద్దండుడే భయపడి ఓబులాంబను అడిగాడు. జెండాకు మనిషి చెయ్యి తగలకూడదన్నారు గాని చెదపురుగు సంగతి శాసనంలో లేదని, ఇంతటి నీచుడు పుడతాడని పెద్దలు ఊహించలేదని చెప్పి ఆవిడ ఎర్రగా ఉమ్మింది.

పైన నాగోజుకు కాళ్ళ కింద మాను వణకడం తెలిసింది. చావు తెలిసింది. దానితో పాటు ఇంకొకటి గుర్తొచ్చింది. కంబాలవారు ఏ స్తంభాన్నీ నిట్టనిలువుగా పాతరు. ఎప్పుడైనా కూలితే రాజుగారి మేడ మీద పడకుండా ఈశాన్యానికి మూడు వేళ్ళ వాలు ఉంచుతారు. కంటికి ఆనదు, చెప్పేవాడుండాలి. తాత పాతుతుంటే తండ్రి చూశాడు, తండ్రి చెబితే కొడుకు విన్నాడు. నాగోజు గబగబా ఏడుమడతల ముడి విప్పి జెండాను కండువాలా మెడకు చుట్టుకున్నాడు, బరువంతా ఈశాన్యం వైపు వేసి వేలాడాడు.

మొదలు ఫెళ్ళుమంది. యాభై ఏళ్ళు నిలబడ్డ మాను వాలడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, అంతలోనే గాలి చెవుల్లో ఈలలు వేసేంత వేగంగా. గుర్రాలు తాళ్ళు తెంపుకున్నాయి. ఉద్దండుడు ఉయ్యాలబల్ల కింద దూరాడు. ఘూకనాథుడు రెక్కలు తెచ్చుకుని ఎగిరి తప్పించుకున్నాడు గాని సగం గడ్డం కట్ల కింద నలిగింది. బురుజు అంచు ఎదురుగా దూసుకొస్తుంటే నాగోజు బందం తెంచుకుని దూకాడు. వెనక స్తంభం గోడకు తగిలి మూడు తునకలై, చిరుగంటలన్నీ ఒక్కసారి మోగి ఆగిపోయాయి.

ఆగింది గంటలే కాదు. కనుమలో భేరి కూడా ఆగింది.

మూడువేల మంది తలెత్తి చూస్తున్నారు, జెండా లేదు. ఇంకాసేపట్లో ఒక్కొక్కరే కత్తి నేల మీద పెడతారు. నాగోజు లేవబోయాడు. కుడి చీలమండ దగ్గర ఎముక విరిగి కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. వాకిట్లో వేసిన కుంటివేషం ఇప్పుడు నిజమైంది. పిట్టగోడ ఛాతీ ఎత్తు. కూచుని ఎత్తితే జెండా బయటికి కనపడదు. పాకుతూ వెళ్ళి పళ్ళతో తండ్రి కట్లు తెంపాడు.

"నాయనా, నేను నిలబడలేను," అన్నాడు. అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది.

అయ్యలోజు చెంబు వైపైనా చూడలేదు. పొద్దున ఆ చెంబు కోసమే స్తంభం మీంచి చెయ్యి తీశాడు, ఆ తీసిన చేతినే పట్టి ఈడ్చుకొచ్చారు. ఆ సిగ్గు ఆయన ముఖంలో ఇంకా ఉంది. గోడ పట్టుకుని లేచాడు. కొడుకు జెండాను ఆయన కుడి ముంజేతికి ఏడుమడతలుగా ముడివేశాడు. ముసలాయన చెయ్యెత్తి గోడ పక్కన నిటారుగా నిలబడ్డాడు. గాలి వచ్చింది. ఎర్ర ఏనుగు తొండం విప్పింది.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత భేరి మోగింది. ఈసారి దరువు మారింది. జెండా ఈశాన్య బురుజు మీదికి మారిందంటే కబురేమిటో వాళ్ళకు తెలుసు. గుర్రాలు కదిలిన దుమ్ము కనుమ మూతి దగ్గర లేచింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఉద్దండుడు కత్తి దూసుకుని వచ్చాడు, వెనక ఇరవై మంది, వాళ్ళ వెనక సగం గడ్డంతో ఘూకనాథుడు. నాగోజు తండ్రి రెండు కాళ్ళూ కౌగిలించుకున్నాడు.

"స్తంభం పట్టుకున్నాను. శరణు," అన్నాడు.

ఉద్దండుడు స్తంభం కింద మూడు ముక్కలై పడుందని చెప్పి కత్తి ఎత్తబోయాడు. సాక్షిని పిలిపించండి, ఆవిడ కాదంటే నరకండి అన్నాడు అయ్యలోజు. ఆ గొంతు గరగరమంది గాని తొణకలేదు. సైనికులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆరు రాజ్యాల కోపం నెత్తిన వేసుకోవడానికి ఎవడూ సిద్ధంగా లేడు. ఓబులాంబ నూటఇరవై మెట్లూ కర్ర పొడుచుకుంటూ, మెట్టుమెట్టుకూ రెండు పక్షాలనూ తిట్టుకుంటూ ఎక్కి వచ్చింది. ముసలాయన చేతిని చూసింది, జెండా ముడి చూసింది, కాళ్ళను పట్టుకున్న కొడుకును చూసింది.

"జెండా దేని మీద ఎగురుతుంటే అదే ధ్వజస్తంభం. టేకుమానా, మనిషా అని ధర్మం అడగదు. ఎవరూ ముట్టుకోవద్దు," అంది. తర్వాత సూర్యుడి వైపు కళ్ళు చికిలించి, "చెయ్యి దిగితే జెండా దిగినట్టే. నీడ పోతే శరణు పోయినట్టే. రెంటిలో ఏది ముందైనా ఆ తర్వాత నీ ఇష్టం ఉద్దండా," అని గోడకు చేరగిలబడి కూచుంది.

ఉద్దండుడు నవ్వి కత్తి ఒరలో పెట్టాడు. ఘూకనాథుడు చెంబు తెచ్చి, నీళ్ళు అంచుదాకా నింపి, అయ్యలోజు కళ్ళెదుట, ఎడమ చేతికి జానెడు దూరంలో గోడ మీద పెట్టాడు. గాలికి నీళ్ళు తళతళలాడాయి. ముసలాయన గుటక వేశాడు. ఎత్తిన చెయ్యి భుజం దగ్గర సన్నగా అదరడం మొదలైంది.

నాగోజు ముఖం తండ్రి పాదాలకు ఆనించి ఉంది. నీడ ఎక్కడి దాకా వచ్చిందో అందరికంటే అతనికే బాగా కనపడుతోంది. దుమ్ము ఇంకా ఏటి ఇవతలికి రాలేదు. తండ్రి తల వంచితే చెయ్యి వాలుతుంది, అందుకని వంచడం లేదు.

"నాగా," అన్నాడు అయ్యలోజు ఎదుటి కొండల మీంచి చూపు తిప్పకుండా, "నీడ ఎంతుందిరా?"

అది రెండు వేళ్ళుంది.

"చాలా ఉంది నాయనా," అన్నాడు నాగోజు. "మూరెడుంది."

ముసలాయన చెయ్యి ఇంకాస్త పైకి లేచింది.